అమ్మ అడిగిన మాట

మంచు పొర లేస్తుందో లేదో ఇంకో గంటకి చెబుతామన్నారని మలకియాసి ఫోన్ పెట్టేసి చెప్పాడు, అది తన తప్పయినట్టు నా వైపు చూడకుండా కాఫీ ఫ్లాస్కు మూత గట్టిగా బిగించాడు, ఇంకో గంట, సరే అన్నాను. అయిదు రోజులుగా పొద్దున్నే వచ్చి హెలికాప్టర్ దిగే చదును పక్కన ఈ ఎర్ర చెక్కగదిలో, కిటికీ దగ్గర ఇదే కుర్చీలో కూర్చుంటున్నాను, అయిదు రోజులుగా కిటికీ అవతల సముద్రం లేదు, కొండ లేదు, ఊరు కూడా సగమే ఉంది. మలకియాసి పసుపు కోటు వేసుకుని ఇటూ అటూ తిరుగుతాడు, మొత్తం విమానాశ్రయం తనొక్కడే కాబట్టి. వాడి బల్ల మీది కాగితంలో ఈ రోజు రావలసినవి రెండే వరసలు, నేను తలకిందులుగా చదివాను. మనిషి ఒకరు, అరవై ఎనిమిది కిలోలు. పెట్టె ఒకటి, తొంభై ఒక్క కిలో. అమ్మ ఎప్పుడూ యాభై దాటలేదు, మిగతాదంతా చెక్క అయి ఉండాలి, ఇంత మందం చెక్క ఎందుకు వాడారో, ఆమె ఎక్కడికీ పారిపోయే మనిషి కాదు. ఇలాంటి ఆలోచనలే వస్తున్నాయి నాకు. పెద్ద ఊరి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను చేపల ఫ్యాక్టరీలో చేతొడుగులు విప్పుతున్నాను, ఆ మాట విన్నాక రెండో చేతొడుగు కూడా విప్పి, రెండూ కడిగి, ఆరేసి, ఇంటికి వెళ్ళాను. తొమ్మిది రోజులైంది. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని నిన్న కాసేపు తలుపేసుకుని కూర్చున్నాను, రాలేదు, ఆకలి వేసింది.

చిన్నమ్మ దోర్తియా నా పక్కన కూర్చుని ఎండు చేప నములుతోంది. అమ్మకంటే అయిదేళ్ళు చిన్నది, డెబ్బై రెండు, పళ్ళు మాత్రం నాకంటే గట్టివి. "బతికున్నప్పుడూ ఇంతే, ఎక్కడికి రమ్మన్నా ఆలస్యమే మా అక్క," అంది ఎవరితోనో అన్నట్టు. మలకియాసి నవ్వాలో వద్దో తెలియక దగ్గాడు. "నువ్వు తిను నాన్నా," అని ఒక ముక్క నా చేతిలో పెట్టింది. చిన్నమ్మ నన్ను నాన్న అనే పిలుస్తుంది, అమ్మ కూడా అంతే, వాళ్ళ నాన్న ఇమీనా చనిపోయిన నెలకి నేను పుట్టాను, ఆడపిల్లనైనా ఆయన పేరే నాకు పెట్టారు, పేరుతో పాటు ఆయన కూడా నాలోకి వచ్చేశాడు, అందులో అనుమానం ఏమీ లేదు ఎవరికీ. నేను తప్పటడుగులు వేస్తుంటే అమ్మ "మా నాన్న మోకాళ్ళ నొప్పి తగ్గినట్టుంది" అనేదట. చిన్నప్పుడు నేను అబద్ధం ఆడితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు, బతికుండగా ఆయన అబద్ధం ఆడలేదట, కాబట్టి నేనాడింది అబద్ధం కాదని, తామే సరిగ్గా వినలేదని అనుకునేవాళ్ళు. అలాంటి ఇంట్లో పెరిగాను నేను. నా మాటకి తిరుగుండేది కాదు.

కాగితంలో ఉన్న ఆ అరవై ఎనిమిది కిలోల మనిషి విబెకె. కోపెన్‌హేగన్‌లో చదువు చెప్పే ఆమె, ఉత్తర ధ్రువం దగ్గరి జనాల జీవితం మీద పుస్తకాలు రాస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళ కింద మా ఊళ్ళో రెండు చలికాలాలు ఉండి వెళ్ళింది, ఇప్పుడు మళ్ళీ వస్తోంది, ఏం మారిందో రాసుకోడానికి. రెండు నెలల కింద ముందే ప్రశ్నలు పంపింది, నలభై రెండు. మంచుబండి లాగే కుక్కలు ఎన్ని, అప్పుడు ఎన్ని. సముద్రం ఏ నెలలో గడ్డకడుతోంది. పెద్దవాళ్ళ పేర్లు పిల్లలకి ఇంకా పెడుతున్నారా. కుక్కలు అప్పుడు నాలుగు వందలు, ఇప్పుడు అరవై, సముద్రం అప్పుడు నవంబరు, ఇప్పుడు జనవరి, ఒక్కో ఏడు అదీ నమ్మకం లేదు, అని రాసి పంపాను, ఊరికి వచ్చేవాళ్ళ మాటని మా భాషలో, మా మాటని వాళ్ళ భాషలో చెప్పే దుబాసీని, అలవాటైన పనే. ఆమె ప్రయాణం ఎప్పుడో కుదిరింది, అమ్మ పెట్టె ఎక్కాల్సింది ఆమె ఎక్కే హెలికాప్టరే అయింది, వారానికి ఒకటే తిరుగుతుంది కాబట్టి. ఇద్దరూ పెద్ద ఊళ్ళో అయిదు రోజులు ఎదురుచూశారు, ఒకరు హోటల్లో, ఒకరు ఆసుపత్రి చల్లటి గదిలో. విబెకెకి తెలిసే ఉంటుంది. ఫోన్‌లో సందేశం పెట్టింది, నీ తల్లితో పాటు వస్తున్నాను, నాకు ఇది గౌరవం, అని. చదివి ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

ఆమె మొదటిసారి వచ్చినప్పుడు నాకు పద్దెనిమిది. ఊళ్ళో డేనిష్ తడబడకుండా మాట్లాడేది నేనూ పాస్టరూ మాత్రమే, పాస్టరుకి తీరిక లేదు. నారింజ రంగు సంచిలో టేప్ రికార్డర్ వేసుకుని ఇంటింటికీ తిరిగేది, నేను పక్కన. ఏం చూసినా ఎందుకు అని అడిగేది. సీల్ కాలేయం ముందు వేటగాడికే ఎందుకు, పడవకి ఆ పేరెందుకు, ఫలానా ఇంటామె వదినతో మాట్లాడదెందుకు. రెండు వారాలకే ఎందుకమ్మ అని పేరు పడిపోయింది. "ఎందుకమ్మా, మా కుక్క రాత్రంతా మొరిగింది, అది కూడా రాసుకో," అనేవాళ్ళు, అదీ రాసుకునేది. మంచిదే. నవ్వితే చిగుళ్ళు కనబడేవి, చేపల వాసనకి మొహం చిట్లించేది కాదు, నాకు ఎర్ర ఉన్ని టోపీ ఇచ్చింది. నీలాంటి చురుకైన పిల్ల రాజధానిలో దుబాసీల బడిలో చదవాలి, నేను ఉత్తరం రాస్తాను అంది. ఆ మాట విన్న రోజు నేను కొండ ఎక్కి దిగాను, ఊరికే.

చిన్నమ్మ చేప ముక్క అవతలి పక్కకి మార్చుకుని నములుతోంది, ఆ చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు, మంచు పొర కిటికీని నాకుతున్నట్టు తడి గీతలు. ఆ రోజు కూడా చిన్నమ్మ అక్కడే ఉంది. ఏప్రిల్, వంటింట్లో అట్ట పరిచి అమ్మ సీల్ తోలు తీస్తోంది, చిన్నమ్మ స్టూలు మీద కాఫీ తాగుతోంది, టేపు తిరుగుతోంది. విబెకె గోడ మీది ఫోటో చూసింది. ఎనిమిదేళ్ళ పిల్లాడు, పెద్ద కాలరు చొక్కా, ఓడ మెట్ల దగ్గర. ఎవరు అంది. మా అన్న, డెన్మార్క్ పంపారు, అక్కడే ఉండిపోయాడు అన్నాను. నాకు వాడు అంతే, ఒక ఫోటో, నేను ఏడాది పిల్లగా ఉన్నప్పుడు వెళ్ళాడు. ఒక్క ఏడాది చదువుకని అక్కడి అధికారులు తీసుకెళ్ళారు, మళ్ళీ వేసవిలో ఓడ వచ్చింది, వాడు దిగలేదు, ఒక కాగితం దిగింది. ఆ కాగితంలో ఏముందో ఊళ్ళో చదివి చెప్పినవాళ్ళు లేరు, సంతకం ఎక్కడ పెట్టాలో మాత్రం చూపించారు, అది దత్తత కాగితమని తర్వాత తెలిసింది. నన్ను డేనిష్ బళ్ళో కూర్చోబెట్టింది అమ్మే, ఇంకోసారి మనింటికి కాగితం వస్తే చదవడానికి ఒకరుండాలి కదా అని.

బిడ్డ దూరమైతే మీ వాళ్ళు ఎలా తట్టుకుంటారో అడుగు, అంది విబెకె. అడిగాను. అమ్మ కత్తి ఆపలేదు. కొవ్వునీ తోలునీ వేరు చేస్తూ, రేపటి వాతావరణం గురించి చెబుతున్నంత మామూలుగా చెప్పింది. "తట్టుకోవడం ఏంటి. తట్టుకోలేదు. తిండి పెట్టుకున్నప్పుడల్లా వాడికో ముక్క పక్కన పెడతా, అందరూ తిన్నాక అది నేనే తింటా. ఈమె వాళ్ళ దేశం మనిషే కదా, చదువుకుంది, వాడెక్కడున్నాడో వెతికి పెట్టమని అడుగు నాన్నా. తీసుకురమ్మని కాదు. బతికున్నాడా, తింటున్నాడా, అంతే. అడుగు." చిన్నమ్మ కప్పు ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది. విబెకె కూడా నా వైపే చూసింది, కలం పట్టుకుని. అమ్మ గొంతులో ఏమీ లేదు కాబట్టి ఆమెకి ఏమీ తెలియలేదు.

ఏం చేస్తాం అంటోంది, అన్నాను డేనిష్‌లో. అలవాటైపోతుంది, ఏం చేస్తాం, అంటోంది.

ఎందుకన్నానో నన్నెవరూ అడగలేదు, ఎందుకు అని అడిగే మనిషి కూడా అడగలేదు. నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, ఒక్కోసారి ఒక్కోలా. ఆ మాట చెబితే ఆమె టేపు ఆపేస్తుంది, మా వంటింటిని మరో రకంగా చూస్తుంది, దిక్కులేని వాళ్ళని చూసినట్టు, ఆ చూపు నాకు తెలుసు, బళ్ళో టీచర్లకి ఉండేది. దుబాసీల బడికి ఉత్తరం రాసేవాళ్ళని ఇంకో పని అడగకూడదనుకున్నాను. ఇవన్నీ నిజమే. ఇంకొకటి కూడా ఉంది, దాన్ని ముప్పై ఏళ్ళలో మూడు నాలుగుసార్లు మించి నాతో నేను అనుకోలేదు. ఆ పక్కన పెట్టిన ముక్క. రోజూ చూసేదాన్ని దాన్ని, మంచి ముక్కే ఉండేది, మత్తాక్ దొరికిన రోజు మెత్తటి తిమింగలం తోలు, నేను ఎదురుగా కూర్చుని ఉండేదాన్ని. ఉన్నదాన్ని నేను కదా. పద్దెనిమిదేళ్ళ పిల్లకి ఉండే కుళ్ళు అది, ఎనిమిదేళ్ళ ఫోటో మీద.

"ఆమె ఏమంది?" అని అడిగింది అమ్మ. వెతుకుతానంది, అన్నాను. అమ్మ తల ఊపి తోలు మడత పెట్టింది. విబెకె ఏం చేస్తాం అన్న మాట మా భాషలో ఎలా రాయాలో అడిగి రాసుకుంది, కింద రెండు గీతలు గీసింది. మూడేళ్ళకి పుస్తకం వచ్చింది, అందులో ఒక అధ్యాయానికి అదే పేరు. పోయినదాన్ని పోనిచ్చే జనం, మంచులాగా ప్రశాంతమైన జనం, ఒక తల్లి నాతో ఇలా అంది, అని మొదలవుతుంది. ఆ తర్వాత వచ్చిన వాళ్ళంతా అది చదివే వచ్చారు. జర్మనీ నుంచి ఒకడు, కెనడా నుంచి భార్యాభర్తలు, వాతావరణం గురించి చదివే పిల్లలు, అందరికీ నేనే దుబాసీని, మంచు పలచబడుతోంది కదా మీకెలా ఉంది అని వేటగాళ్ళని అడుగుతారు, నిజంగా ఏం చేయాలో తెలియక ఎవరైనా ఏం చేస్తాం అంటే చాలు, వాళ్ళ మొహాలు వెలిగిపోతాయి, పుస్తకంలోది దొరికిందని. ఊళ్ళో వాళ్ళకీ అర్థమైపోయింది. "కాఫీ కావాలంటే ఏం చేస్తాం అనండ్రా, బిస్కెట్లు కూడా ఇస్తారు," అంటాడు మలకియాసి. ఆ మాట ఎవరన్నా కిటికీ వైపు తిరిగేదాన్ని మొదట్లో. తర్వాత తిరగడం మానేశాను.

ప్రతి క్రిస్మస్‌కీ విబెకె కార్డు పంపేది. అమ్మ కవరు పట్టుకుని వచ్చి నా ముందు పెట్టేది. "చదువు నాన్నా. వాడి గురించి ఏమైనా రాసిందా?" ఇంకా వెతుకుతోందట, అనేదాన్ని. మొదటి ఏడాది కష్టమైంది. ఆరో ఏడాదికి కార్డు తెరవకముందే చెప్పేసేదాన్ని. ఒకసారి కొత్త పాస్టరు తనే ఒక కార్యాలయానికి అర్జీ రాసి పెడతానన్నాడు, అమ్మ ఒప్పుకోలేదు. "ఎందుకమ్మ చూస్తోందిగా, మధ్యలో మనం ఇంకొకరికి చెబితే ఆమె చిన్నబుచ్చుకుంటుంది," అంది. అప్పుడు నేను అంట్లు తోముతున్నాను. తోమిన గిన్నెనే మళ్ళీ తోమాను. కంప్యూటర్లు వచ్చాక వాడి పేరు కొట్టి చూశాను, ఏనోక్, వందలమంది వచ్చారు, అక్కడ వాడికి ఏ పేరు పెట్టుకున్నారో ఎవరికి తెలుసు. రెండు సాయంత్రాలు చూసి ఆపేశాను. అంతకంటే ఏం చేయలేదు. చేసి ఉండొచ్చు, విబెకెకి ఒక్క ఉత్తరం రాస్తే అయ్యేది, అయితే అప్పుడు మొదటి రోజు నుంచీ చెప్పాలి. ఏటికేడు ఆ మొదటి రోజు దూరమైపోయింది, ఏటికేడు దాని దగ్గరికి నడవడం కష్టమైంది.

ఆసుపత్రి నుంచి ఆఖరుసారి మాట్లాడినప్పుడు కూడా అమ్మ గొంతు మామూలుగానే ఉంది. తిండి బాగాలేదంది, సీల్ సూప్ అని నీళ్ళు ఇస్తున్నారంది. పక్క మంచం ఆవిడ గురకపెడుతోందంది. తర్వాత, "ఎందుకమ్మ వస్తోందటగా. ఫోన్‌లో చెప్పకూడనిదేదో తెస్తోందేమో. అందుకే తనే వస్తోంది. నేనొచ్చేదాకా ఆమెని పోనివ్వకు," అంది. సరే అన్నాను. అంతే మాట్లాడుకున్నది. అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఫోన్‌లో, మొహం కనపడకుండా. చెప్పకుండా కాళ్ళకి మేజోళ్ళు వేసుకున్నావా అని అడిగాను.

"వస్తోంది," అన్నాడు మలకియాసి. నాకేమీ వినపడలేదు, తర్వాత వినపడింది. కిటికీ అవతల మంచు పొర పైకి చుట్టుకుపోతోంది, ముందు నీళ్ళు కనబడ్డాయి, తర్వాత ఒక మంచుకొండ అడుగుభాగం, తర్వాత అవతలి ఒడ్డు. చిన్నమ్మ నోట్లోది మింగి, తలగుడ్డ సరిచేసుకుని లేచింది. నేనూ లేచాను. మలకియాసి వెనకే చదును దగ్గరికి నడిచాను. ఎర్ర హెలికాప్టర్ కంకర మీద దిగి గాలీ ఇసుకా మొహాన కొట్టి, నెమ్మదిగా చప్పుడు ఆపుకుంది. మలకియాసి, పైలటు, మోయడానికి వచ్చిన ఇద్దరు వేటగాళ్ళు కలిసి పెట్టెని దించి బండి మీద పెట్టారు, తెల్ల రంగు పెట్టె, తాడు పిడులు. పొడవు తక్కువే. నేను దాని మీద చెయ్యి పెట్టాను, పెట్టాలి కాబట్టి. చల్లగా ఉంది, తడిగా ఉంది, చెక్క.

విబెకె మెట్టు తడుముకుంటూ దిగింది. జుట్టంతా తెల్లబడింది, వీపు వంగింది, మొహం చూస్తే అయిదు రోజులుగా ఎవరికో కాపలా ఉన్నట్టుంది. నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆమె వీపు మీద తట్టాను. తర్వాత చిన్నమ్మ వచ్చి ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది, విబెకెకి మా భాషలో నాలుగు మాటలే వచ్చు, ఆ నాలుగూ చెప్పింది. చిన్నమ్మ చేతులు వదలకుండా నా వైపు తల తిప్పింది.

"అడుగు నాన్నా. అక్క ఇక అడగడానికి లేదు కదా, నేనడుగుతున్నా. ఏనోక్ దొరికాడా?"

ఇద్దరి మధ్యా నిలబడ్డాను. దుబాసీ నిలబడే చోటు అదే. డేనిష్‌లో అడిగాను, ఒక్క అక్షరం మార్చకుండా, ఏనోక్ దొరికాడా అని అడుగుతోంది, అని. విబెకె నన్ను చూసింది, చిన్నమ్మని చూసింది, పెట్టెని చూసింది.

"ఏనోక్ ఎవరు?" అంది.

"ఏమంటోంది?" అంది చిన్నమ్మ.

ఇంకా వెతుకుతోందట, అన్న మాట నోటి దగ్గరికే వచ్చి ఉంది, ముప్పై ఏళ్ళు వాడిన మాట, దాన్ని వెతుక్కోవలసిన పని లేదు. "ఏనోక్ ఎవరని అడుగుతోంది, చిన్నమ్మా," అన్నాను. ఆవిడ విబెకె చేతులు వదిలేసింది. మలకియాసి బండి తాడు పట్టుకుని లాగాలో ఆగాలో తెలియక ఆగాడు. "ఆ రోజు దీనికి ఏం చెప్పావు నువ్వు?" అంది చిన్నమ్మ. గొంతు పెంచలేదు. చెప్పాను. ఏమంటోందావిడ అని విబెకె అడిగింది, అదే మాట ఆమెకీ చెప్పాను. అలా చెప్పుకుంటూ పోయాను, ఒక వాక్యం ఇటు, అదే వాక్యం అటు, అమ్మ అడిగింది ఇదీ, నేను చెప్పింది ఇదీ, ప్రతి క్రిస్మస్‌కీ చెప్పింది ఇదీ. ఇంకెవరి మాటలో భాష మార్చి చెబుతున్నట్టే ఉంది. ముక్క పక్కన పెట్టే సంగతి కూడా చెప్పాను, దాని మీద నా కుళ్ళు కూడా, అది చెప్పనవసరం లేదు, అయినా వచ్చేసింది, రెండు భాషల్లోనూ.

విబెకె తన సంచి మీదే కూర్చుండిపోయింది. "అయితే ఆ పుస్తకం మొత్తం..." అని ఆపేసింది. ఆ సగం మాటని సగం మాటగానే చిన్నమ్మకి చెప్పాను.

"పుస్తకం ఎవడిక్కావాలి," అంది చిన్నమ్మ. "దాన్ని లేవమను. తీరిగ్గా తర్వాత ఏడవచ్చు, నీ సంగతి నేను తర్వాత చూస్తా. వెతుకుతుందా లేదా, ఇప్పుడు అడుగు."

అడిగాను. విబెకె చిన్న నోటు పుస్తకం తీసి మోకాలి మీద పెట్టుకుంది. ఏ ఏడాది, ఏ ఓడ, ఎవరింటికి, అని అడిగింది. ఎందుకు అని ఒక్కసారి కూడా అనలేదు. నాకు ఏడాది తప్ప ఏదీ తెలియదు. చిన్నమ్మకి అన్నీ తెలుసు. ఓడ పేరు తెలుసు. ఆ ఇంటాయన పళ్ళ డాక్టరని తెలుసు, ఇంటి ముందు గుర్రం ఉందని, దానికి పంచదార పెట్టానని వాడు మొదటి ఉత్తరంలో రాశాడట, రెండో ఉత్తరం వాళ్ళ భాషలో వచ్చిందట, మూడోది లేదట. ఊరంతా తిరిగి ఎవరెవరింటి సంగతులో అడిగి పరాయివాళ్ళకి చెప్పాను, మా ఇంట్లో ఇన్ని సంగతులున్నాయని నేనెప్పుడూ అడగలేదు. 

"గుర్తు కూడా రాసుకోమను," అంది చిన్నమ్మ. "వాడికి నాలుగేళ్ళప్పుడు కుక్క చెవి కొరికింది. చివర చిన్న ముక్క లేదు. ఎంత పెద్దవాడైనా అది ఉంటుంది కదా."

ఏ చెవి, అని అడిగింది విబెకె, రాస్తూనే. అదే మాట మా భాషలో చెప్పాను. చిన్నమ్మ కుడి చెవి పట్టుకుంది, తర్వాత ఎడమది పట్టుకుంది, రెండూ వదిలేసింది. నుదురు ముడిపడింది. అలవాటు కొద్దీ పెట్టె వైపు తిరిగింది.

"అక్కా, ఏ చెవే?" అంది.

విబెకె కలం ఎత్తి పట్టుకుని నా వైపు చూసింది, ఆవిడ ఏమందో చెబుతానని.